మొదటి పోటీకి కొత్త పాట నేర్పించకండి

“మా తొమ్మిదేళ్ళ పాప ఏడాదిన్నరగా సంగీతం నేర్చుకుంటున్నది. వచ్చే నెలలో నెల్లూరులో జరిగే పాటల పోటీకి పేరు ఇచ్చాము. ఈ నెల రోజులలో ఏమి నేర్పించాలి? నెల చాలుతుందా?” అని ఒక తల్లి అడిగారు. ఒంగోలులో ఇరవై రెండేళ్ళుగా ఇంటి దగ్గర పిల్లలకు సంగీతం చెబుతున్నాను కనుక జవాబు చెప్పే చనువు తీసుకుంటున్నాను.

ఏమీ నేర్పించకండి. ఇప్పటికే వచ్చిన పాటలలో, నిద్రలో లేపి అడిగినా పాడగలిగినదానిని ఒకటి ఎంచుకోండి. పోటీలో ఓడిపోయిన పిల్లలలో గొంతు బాగాలేక ఓడిపోయినవారిని నేను ఇంతవరకు చూడలేదు. అందరూ శ్రుతి దగ్గరనే, అంటే పాట మొదలుపెట్టిన స్వరస్థాయిని చివరిదాకా నిలుపుకోవడం దగ్గరనే దెబ్బతింటారు. ఈ సంగతి నాకు ఒక ఫోను వల్ల తెలిసింది.

ఎనిమిదేళ్ళ కిందట ఒక శిష్యురాలినీ, ఆమె తల్లినీ వెంటబెట్టుకొని పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో నెల్లూరు వెళ్ళాను. పోటీ ఒక కల్యాణమండపంలో. పదిన్నరకు మొదలుపెడతామన్నవారు ముఖ్య అతిథి రాలేదంటూ ఒంటిగంట దాటేవరకు పిల్లలను కూర్చోబెట్టారు. పట్టుపావడా, తల నిండా కనకాంబరాలు, నడుముకు వడ్డాణంతో వచ్చిన మా పిల్ల అంతసేపూ తోటిపిల్లలతో కేకలు వేస్తూ ఆడుకున్నది. ఆ వడ్డాణం గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. నాభి నుండి ఊపిరి తీయమని మేము ఏడాది పొడవునా మొత్తుకుంటాము. పోటీ నాడు తల్లులు సరిగ్గా అక్కడే బిగించి పంపిస్తారు.

ఆ పిల్లది ఐదున్నర శ్రుతి (అంకె పెరిగితే శ్రుతి పెరిగినట్లు). తల్లి తన ఫోనులో ఆధార శ్రుతిని ఆపకుండా వినిపించే తంబుర పెట్టి, దానిని మైకు పక్కన స్టూలు మీద ఉంచి వచ్చింది. పాట హంసధ్వని రాగంలో, ఆదితాళంలో. పల్లవిని మార్చి మార్చి పాడే సంగతులు మూడూ చక్కగా వచ్చాయి. అనుపల్లవిలో పై షడ్జమం, అంటే పై ‘స’ అందుకోబోతుండగా ఫోను మోగింది. తంబుర ఆగిపోయి, దాని బదులు ఒక సినిమా పాట మండపమంతా మారుమోగింది. చేసినవాడు పిల్ల మేనమామ, “పాడిందా అక్కా?” అని అడగడానికి కావలి నుండి చేశాడట! తల్లి పరుగున వెళ్ళి ఫోను కట్టేసింది గాని, కంగారులో తంబురను తిరిగి పెట్టలేదు. పిల్ల నా వైపు చూసింది. నేను ముందు వరుసలో కూర్చుని తొడ మీద తాళం వేస్తూనే ఉన్నాను. ఆ తాళాన్ని పట్టుకొని అనుపల్లవి మళ్ళీ ఎత్తుకున్నది. ఏడవలేదు, ఒక్క అక్షరం మరచిపోలేదు. అయితే చరణం ముగిసేసరికి ఐదున్నర కాస్తా ఆరయింది. న్యాయనిర్ణేతలలో ఒకాయన కాగితం మీద ఏదో కొట్టివేయడం నాకు కనబడింది.

తిరుగు రైలులో తల్లి దారి పొడవునా తమ్ముణ్ణి తిట్టుకుంటూ వచ్చింది. తప్పు నాది. నా ఇంట్లో పాఠం మొదలైనప్పటి నుండి ముగిసేవరకు తంబుర మోగుతూనే ఉండేది. ఆ పిల్ల శ్రుతిని చెవితో ఆనుకొని పాడిందే తప్ప, తన లోపల నిలుపుకోవడం నేను ఒక్కనాడైనా నేర్పలేదు. కన్నీళ్ళు పెట్టుకొంటున్న ఆ తల్లికి, గూడూరు పోటీలో బాలసుబ్రహ్మణ్యంగారికి రెండవ బహుమతి ఇస్తే, మొదటిది ఈ అబ్బాయికే రావలసిందని ఎస్. జానకిగారు వేదిక మీదనే అన్నారని చెప్పి ఓదార్చబోయాను. “ఆయనకు రెండోదైనా వచ్చింది కదా టీచర్” అన్నది పిల్ల.

అప్పటి నుండి పోటీకి వెళ్ళే ప్రతి పిల్ల చేత పాట మధ్యలో తంబుర ఆపి నాలుగు ఆవర్తనాలు, అంటే తాళం నాలుగు చుట్లు పాడిస్తాను. మళ్ళీ పెట్టి, షడ్జమం కలిసిందో లేదో పిల్లనే చెప్పమంటాను. మొదటి వారం ఎవరికీ కలవదు, మూడవ వారానికి కలుస్తుంది. వాకిట్లో నుండి నడిచి రావడం, నమస్కారం చేయడం, తంబురను నాలుగు క్షణాలు విని షడ్జమం, పంచమం, పై షడ్జమం మెల్లగా పలికి ఎత్తుకోవడం రోజూ పక్కింటివారి ఎదుట చేయిస్తాను. ఫోనును విమానంలో పెట్టినట్లు కాల్స్ రాకుండా పెట్టడం కూడా ఈ సాధనలో భాగమే.

ట్రాకు మీద, అంటే ముందే రికార్డు చేసిన వాద్యసంగీతం మీద పాడే పోటీ అయితే, పురుషుడు పాడిన పాట ట్రాకును అలాగే పెట్టకండి. కింది స్వరాలు పిల్ల గొంతులోనే ఉండిపోతాయి. శ్రుతి మార్చే యాప్‌లు ఫోనులోనే దొరుకుతాయి, ఎవరూ వాడరు. త్యాగరాజ కీర్తన అయితే సాహిత్యాన్ని వీడియోలు విని పట్టుకోకండి, పుస్తకం చూసి చదివించండి. త్యాగయ్యగారి పూర్వులది మన కంభం వైపున ఉన్న కాకర్ల. అటువంటి ప్రాంతపు పిల్లలు ఆయన తెలుగును ఒత్తులు లేకుండా, మాట ఎక్కడ విరగాలో తెలియకుండా పాడుతుంటే నాకు కడుపు మండిపోతుంది.

పోటీనాడు ఉదయం రెండు ఇడ్లీలు పెట్టి, గోరువెచ్చని నీళ్ళు సీసాలో పోసి పంపండి. వేదిక ఎక్కేవరకు పిల్లను పక్కన కూర్చోబెట్టుకోండి. ఇక నెల చాలుతుందా అన్న ప్రశ్నకు: పాత పాట అయితే నెల చాలును. కొత్త పాటే పాడించాలన్న పట్టుదల మీకు ఉంటే, ఈ ఏడాది పేరు వెనక్కి తీసుకొని వచ్చే ఏడాదికి ఇవ్వండి.