తిండి కోసమేనా ఆ దీక్ష?

ప్రశ్న: లాహోర్ జైల్లో జతీన్ దాస్ 63 రోజులు అన్నం ముట్టకుండా చనిపోయాడని మా అబ్బాయి పాఠంలో ఉంది. ఖైదీలకు మంచి తిండి, బట్టలు కావాలని అడిగారట. అంతమాత్రానికి ప్రాణం తీసుకోవాలా అండీ?
– ఒక గృహిణి, రావులపాలెం

జవాబు: అమ్మా, మీ ప్రశ్న చదవగానే మా తాతయ్య కంచం గుర్తొచ్చింది. మాది గోదావరి లంక. 1932లో కల్లు దుకాణం ముందు పికెటింగ్ చేసి ఆయన రాజమండ్రి సెంట్రల్ జైలుకు వెళ్లాడు. బయటికొచ్చి ముప్పై ఏళ్లయినా, మామ్మ వండిన సన్నబియ్యం అన్నాన్ని కూడా కంచం అంచుదాకా పల్చగా పరిచి, చూపుడువేలితో రాళ్లు వెతికాకే పప్పు కలుపుకునేవాడు.

జతీన్ దాస్, భగత్ సింగ్ వాళ్లు తిండి అడిగిన మాట నిజమే. పుస్తకాలు, పేపర్లు కూడా అడిగారు, బలవంతపు చాకిరీ చేయబోమని చెప్పారు. వాటన్నిటి వెనకా ఉన్నది ఒకటే: మేం దొంగలం కాదు, మమ్మల్ని రాజకీయ ఖైదీలుగా చూడండి అని. తెల్ల ఖైదీకి మాత్రం ఏ నేరం చేసి వచ్చినా మెరుగైన భోజనం పెట్టేవారు. జతీన్ ముక్కులోంచి గొట్టం దూర్చి బలవంతంగా పాలు పోశారు. అవి ఊపిరితిత్తుల్లోకి పోయాయి. 1929 సెప్టెంబరు 13న ప్రాణం పోయింది. 24 ఏళ్ల కుర్రాడమ్మా!

1930లో ప్రభుత్వం ఖైదీలకు ఎ, బి, సి క్లాసులు తెచ్చింది. తిండి, వసతి ఎ క్లాసులో మెరుగు, సి క్లాసులో అధ్వానం. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది ఇక్కడే. రాజకీయ ఖైదీ అన్న హోదా ఒప్పుకోకుండా, చదువు, సంఘంలో స్థాయి, బతికిన తీరు చూసి క్లాసు ఇచ్చారు. తాతయ్యతో పాటు అదే దుకాణం ముందు పట్టుబడ్డ ప్లీడరు గారికి బి క్లాసు, కౌలురైతు తాతయ్యకు సి క్లాసు.

ఉత్తర ఐర్లండ్‌లో బ్రిటిష్ పాలన వద్దని పోరాడి జైలుకెళ్లినవాళ్ల గొడవా ఈ హోదా గురించే. 1976లో బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని తీసేస్తే, కొత్తగా శిక్షపడ్డవాళ్లు జైలు బట్టలు వేసుకోం అని దుప్పట్లు చుట్టుకుని ఏళ్లకేళ్లు గడిపారు. 1981లో పదిమంది దీక్షలోనే చనిపోయారు. వాళ్లలో బాబీ శాండ్స్ మంచం మీద ఉండగానే ఎంపీగా గెలిచాడు, 66వ రోజున కన్నుమూశాడు. ఆ తర్వాత సొంత బట్టలకు ఒప్పుకున్నారు గానీ, రాజకీయ ఖైదీలన్న మాట మాత్రం ఇవ్వలేదు.

బి క్లాసుకు అర్జీ పెట్టుకోమని ప్లీడరు గారే తాతయ్యకు చెప్పారట. "నా ఒక్కడికీ ఇస్తే మా గదిలో వాళ్లేం తింటారండీ" అని తాతయ్య పెట్టలేదు.