జీపీఎస్, కెమెరా ఉన్న లారీ ఎక్కొచ్చా?

మీ తమ్ముడికి హెవీ లైసెన్స్ వచ్చింది, జీపీఎస్సూ కెమెరా పెట్టిన కంపెనీ బండి ఎక్కాలా, తెలిసిన ఓనర్ దగ్గర మామూలు బండి ఎక్కాలా అనే కదా అడిగారు. ఎవరూ చూడని బండంటూ ఇప్పుడు లేదండి. జీపీఎస్ లేకపోయినా నాతవలస టోల్ దాటగానే ఫాస్టాగ్ డబ్బులు కట్ అయినట్టు ఓనర్ ఫోన్‌కి మెసేజ్ పోద్ది, మళ్ళీ మడపాం దగ్గర ఇంకోటి, మధ్యలో ఎంతసేపు పట్టిందో ఆయన ఇంట్లో కూచుని లెక్కేసుకుంటాడు. కాబట్టి ఆ లెక్క ఎవరు చూస్తారో, చూసి ఏం చేస్తారో అది కనుక్కోమనండి.

నేను సాలూరులో క్లీనర్‌గా మొదలెట్టాను (ఇప్పుడు మన్యం జిల్లా గానీ అప్పటికి అది విజయనగరమే). రాయ్‌పూర్ లైను. అప్పట్లో బండి ఘాటీ ఎక్కిందంటే నాలుగు రోజులు ఓనర్‌కి మన సంగతి తెలీదు, ఎస్టీడీ బూత్ దొరికితే ఫోను, లేకపోతే లేదు. నిద్రొస్తే ఘాటీలో సుంకి అనే ఊరు దాటాక పక్కన పెట్టి పడుకునేవాళ్ళం. అలాగని ఆ రోజులే బాగున్నాయని నేననను, చెక్‌పోస్టుల్లో గంటలు గంటలు లైన్లో ఉండటం, చేతిలో నోట్లు పెడితే గానీ కాగితం కదలకపోవడం, అన్నీ చూశాను. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక ఆ సేల్స్‌టాక్స్ చెక్‌పోస్టులు పోయాయి, అది మేలే. తర్వాత 2018 ఏప్రిల్ నుంచి ఈ-వే బిల్లు (సరుకుతో పాటు ఉండాల్సిన ఆన్‌లైన్ కాగితం), ఇప్పుడు దానికి 200 కిలోమీటర్లకి ఒక రోజు టైము, మధ్యలో టైరు పేలి ఆగామంటే టైరు గోల కంటే బిల్లు టైము అయిపోద్దన్న గోలే ఎక్కువ.

నాకు బాగా తగిలింది డీజిల్ సెన్సార్, ట్యాంకులో ఎంతుందో ఓనర్‌కి చెప్పేది. ఓసారి ఘాటీలో ఒక పక్కకి వాలుగా ఉన్న చోట బండి పెట్టి పడుకున్నాను. రాత్రి రెండింటికి ఓనర్ ఫోను, "అరవై లీటర్లు ఎక్కడ దింపావురా" అని. పన్నెండేళ్ళు ఆయన దగ్గరే చేశాను, ఏనాడూ రా అనలేదు. ట్యాంకు వాలితే డీజిల్ ఒక మూలకి పోద్ది, సెన్సార్‌కి తక్కువ కనపడద్ది, పొద్దున్న చదునుకి వచ్చాక లెక్క మళ్ళీ పైకొచ్చింది. ఆయన "సర్లే జాగ్రత్త" అన్నాడు, నేనూ ఏం మాట్లాడలేదు. అప్పట్నుంచి బండి ఆపినప్పుడల్లా మీటరు ఫోటో, ట్యాంకు ఫోటో, చక్రాల కింద రోడ్డు ఫోటో తీస్తాను, మా ఆవిడ నవ్వుతాది, ఫోన్లో పిల్లల ఫోటోలు నాలుగు, ట్యాంకువి వెయ్యి అని. డీజిల్ అమ్ముకునేవోళ్ళు లేరా అంటే మాలోనే ఉన్నారు, వాళ్ళ వల్లే ఆ సెన్సార్ వచ్చింది, అదీ చెప్పాలి.

ఇప్పుడు చేస్తున్న ట్రాన్స్‌పోర్టులో మొహం వైపు ఒక కెమెరా, రోడ్డు వైపు ఒకటి. ఆవలిస్తే కూస్తది, సరే. కిళ్ళీ నోట్లో వేసుకున్నా కూస్తది, ఘాటీ మలుపులో అద్దం కాస్త ఎక్కువసేపు చూసినా కూస్తది. కేబినే మాకు ఇల్లు కదండీ, లుంగీ మార్చుకోవాలన్నా అందులోనే, తువ్వాలు కప్పితే ఆఫీసు నుంచి ఫోను. కానీ రోడ్డు వైపు కెమెరాకి మాత్రం దండం పెడతాను, రణస్థలం దగ్గర రాంగ్ రూట్లో వచ్చిన బైకు నా బండిని గుద్దుకుంటే జనం నన్ను కిందకి లాగేశారు, వీడియో చూపించాకే వదిలారు.

నా మంట అంతా వేరే. 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టంలోనే రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అని రాశారు. నేను పద్నాలుగు గంటలు తోలిన రోజు జీపీఎస్‌లో నిమిషాలతో సహా కనపడద్ది, అయినా ఇన్నేళ్ళలో "ఇంక ఆపు, పడుకో" అని ఒక్క ఫోన్ రాలేదు, అరగంట ఆగితే మాత్రం "ఏటి బండి కదల్లేదు" అని వచ్చేస్తది. అమెరికాలో 2017 డిసెంబర్ నుంచి ఇంజిన్‌కి మిషను కట్టి 11 గంటలు దాటి తోలకుండా లెక్క రాస్తున్నారు, గంటలు అయిపోతున్నాయని పరుగెత్తాల్సొస్తందని అక్కడి డ్రైవర్ల గోల వాళ్ళకుంది, కనీసం అక్కడ ఆ మిషను లెక్కపెట్టేది డ్రైవర్ పని గంటల్ని. ఇక్కడ సరుకు దించుకునే ఒక పార్టీ గోడౌన్ ముందు రెండు రోజులు అన్‌లోడింగ్ లేక పడున్నాను, జీపీఎస్ రిపోర్టు చూపించి ఓనర్ హాల్టింగ్ డబ్బులు రాబట్టాడు, నాకు అయిదొందలు ఇచ్చాడు.

మీ తమ్ముడిని చేరకముందే అడగమనండి, డీజిల్ లెక్కలో తేడా వస్తే జీతంలో కోస్తారా, కోసే ముందు రిపోర్టు మాకు చూపిస్తారా, హాల్టింగ్‌లో డ్రైవర్‌కి ఎంత, రాత్రి పడుకునేటప్పుడు లోపలి కెమెరా ఆపుకోవచ్చా. వీటికి సరిగ్గా జవాబు చెప్తే కంపెనీ బండే ఎక్కమనండి, జీతం నెల నెలా బ్యాంకులో పడద్ది. నీళ్ళు నమిలితే ఓనర్ బండే నయం, కనీసం ఎదురుగా కూచుని గొడవ పడొచ్చు. మీది బొబ్బిలి, సాలూరు వైపయితే చెప్పండి, నాకు తెలిసినోళ్ళని ఇద్దరు ముగ్గుర్ని అడిగి చూస్తాను.