తినకపోయినా మాత్ర వేసుకో

చెల్లెమ్మకు,

నిన్న ఫోన్‌లో నువ్వన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. తెల్లారకముందే ఆటో వస్తుందనీ, మిర్చి కోతకు ఏమీ తినకుండానే వెళ్తున్నాననీ, ఖాళీ కడుపుతో మాత్ర పడదేమోనని ఆ రోజులకు మానేస్తున్నాననీ అన్నావు. అందుకే ఈ ఉత్తరం. నువ్వు వాడే హెచ్‌ఐవీ మాత్రకు తిండితో పని లేదు. తిన్నాక వేసుకోవచ్చు, తినకుండానూ వేసుకోవచ్చు. మానడం మాత్రం వద్దు.

నీ డబ్బా మీద టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అని మూడు పేర్లు ఉంటాయి. మనకు మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో అందరూ టీఎల్‌డీ అంటారే, అదే. అన్నం తిని వేసుకుంటే డోలుటెగ్రావిర్ ఒంటికి కొంచెం ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ పరగడుపున వేసుకున్నా వైరస్‌ను అణిచిపెట్టడానికి సరిపోయేంత పడుతుంది. మాత్ర మానిన రోజుల్లోనే వైరస్‌కు సందు దొరుకుతుంది. అలా మళ్లీ మళ్లీ జరిగితే మందుకు లొంగకుండా తయారవుతుంది.

మీ అత్తగారు "తినకుండా మందు వేసుకోకూడదు" అన్నారంటే ఆమెను తప్పుపట్టకు. నొప్పుల బిళ్లలకు, కొన్ని షుగర్ బిళ్లలకు డాక్టర్లు ఆ మాటే చెప్తారు. సెంటర్‌లో పక్క కుర్చీలో కూర్చున్నావిడ ఇంకోటి చెప్పి ఉంటుంది. ఎందుకంటే మా రోజుల్లో మందులు వేరు. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక చాలామందిమి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకునేవాళ్లం. తర్వాత ఎఫావిరెంజ్ కలిసిన మాత్ర వచ్చింది. అది నూనె, నెయ్యి బాగా ఉన్న భోజనం మీద వేసుకుంటే తల తిరిగేది, పిచ్చి కలలొచ్చేవి. అందుకని ఖాళీ కడుపుతో పడుకునే ముందు వేసుకోమనేవారు. మాత్ర మారినా ఆ పాత పద్ధతి కొందరి నోట్లో అలాగే ఉండిపోయింది. మొదటి మందులు పని చేయనప్పుడు ఇచ్చే రెండో లైన్ మందుల్లో అటజానావిర్, రిటోనావిర్ వాడేవాళ్లైతే తప్పకుండా తిన్నాకే వేసుకోవాలి. ఒకరి డబ్బాకు చెప్పింది ఇంకొకరి డబ్బాకు కుదరదు. ఎవరేం చెప్పినా ముందు నీ డబ్బా మీద పేరు చూసుకో.

తిండి కన్నా నువ్వు జాగ్రత్త పడాల్సింది వేరే ఉంది. రక్తం తక్కువని ఏఎన్‌ఎం ఐరన్ మాత్రలు ఇచ్చిందన్నావు. ఖాళీ కడుపులో ఐరన్, టీఎల్‌డీ కలిస్తే డోలుటెగ్రావిర్ ఆ ఐరన్‌ను పట్టుకుని రక్తంలోకి వెళ్లకుండా ఆగిపోతుంది. కాల్షియం మాత్రలతోనూ ఇంతే. అన్నంతో పాటయితే రెండూ కలిపి వేసుకోవచ్చు. నీకు పొద్దున తినే వీలు లేదు కాబట్టి తెల్లవారుజామున టీఎల్‌డీ ఒక్కటే నీళ్లతో వేసుకుని, ఐరన్ రాత్రి అన్నం తిన్నాక వేసుకో. అంతకు మించి లెక్కలు అక్కర్లేదు.

గ్యాస్ మందుతో ఇంకా జాగ్రత్త. కోతల రోజుల్లో మిరప ఘాటుకూ, వేళకు తినకపోవడానికీ గుండెల్లో మంటని అందరూ జెలూసిల్, డైజీన్ తాగుతుంటారు. వాటిలో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. అన్నంతో కలిపినా అవి టీఎల్‌డీతో పనికిరావు. టీఎల్‌డీ వేసుకున్న రెండు గంటల తర్వాత తాగొచ్చు. ముందే తాగి ఉంటే ఆరు గంటలు ఆగి టీఎల్‌డీ వేసుకోవాలి. మంట రోజూ వస్తుంటే డాక్టర్‌కు చెప్పు, పాంటప్రజోల్ లాంటిది రాస్తారు. దానితో ఈ గొడవ లేదు.

కొందరికి పరగడుపున వేసుకుంటే వికారంగా ఉంటుంది. దానికి భయపడక్కర్లేదు. ఒక అరటిపండో, నాలుగు ముద్దలు చద్దన్నమో తిని వేసుకో, చాలు. అయినా తగ్గకపోతే రాత్రి భోజనం తర్వాతకు మార్చుకోవచ్చు, కానీ ఈ మందు కొందరికి నిద్ర పాడుచేస్తుంది, అలాంటివాళ్లకు పొద్దున వేసుకోవడమే మంచిది. వేళ మార్చే ముందు కౌన్సెలర్‌తో ఒక మాట చెప్పు. వేసుకున్న గంటలోపు వాంతి అయితే ఇంకోటి వేసుకోవాలి, గంట దాటాక అయితే అక్కర్లేదు.

పొద్దున మర్చిపోతే గుర్తొచ్చినప్పుడే వేసుకో, మధ్యాహ్నమైనా సాయంత్రమైనా సరే. మర్నాటి మాత్రకు నాలుగు గంటల లోపే ఉంటే మాత్రం ఆ పోయినదాన్ని వదిలెయ్. రెండూ కలిపి ఎప్పుడూ మింగకు. కార్తీక సోమవారమైనా, శివరాత్రి అయినా నీళ్లతో మాత్ర వేసుకునే ఉపవాసం ఉండు.

ముందుముందు టీబీ మందులు వాడాల్సి వస్తే ముందుగా సెంటర్‌లో చెప్పు. వాటిలో రిఫాంపిసిన్ ఉంటే పన్నెండు గంటల తేడాతో ఇంకో డోలుటెగ్రావిర్ ఇస్తారు. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టినా చెప్పాలి, దాని మోతాదు తగ్గించాల్సి రావచ్చు.

నేనింత పట్టుబట్టడానికి కారణం నీ సంసారం కూడా. మందు రోజూ పడి, రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్షలో అది కనిపించనంతగా తగ్గి అలాగే నిలబడితే, కాపురం వల్ల మీ ఆయనకు నీ నుంచి హెచ్‌ఐవీ సోకదు. పిల్లల గురించి ధైర్యంగా ఆలోచించుకోవచ్చు. మానేసిన రోజుల సంగతి సెంటర్‌లో దాచకు. తిడతారని భయపడకు. ఎన్ని రోజులు పోయాయో తెలిస్తేనే వైరల్ లోడ్ ఇప్పుడే చేయించాలా అన్నది వాళ్లు తేల్చగలరు. నువ్వు చెప్పింది బయటికి పోకుండా 2017 హెచ్‌ఐవీ చట్టం ఉంది.

ఈసారి వెళ్లినప్పుడు ఐరన్ మాత్రల అట్ట, ఇంట్లో ఉన్న గ్యాస్ సీసా, మీ అత్తగారు ఇచ్చే ఆయుర్వేద పొడి ఏదైనా ఉంటే అదీ సంచిలో పెట్టుకుని వెళ్లు. అన్నీ ఫార్మసిస్టు ముందు పెట్టి అడుగు. వచ్చాక నాకు ఫోన్ చెయ్యి. డబ్బులు లేకపోతే మిస్డ్ కాల్ ఇవ్వు, నేనే చేస్తాను.

మీ అక్క