వెడల్పు పలకలా, హెరింగ్‌బోనా? ఫ్లాట్‌లో చెక్క ఫ్లోరింగ్ గురించి

హైదరాబాద్ మణికొండలో 14వ అంతస్తు ఫ్లాట్, నేల మీద ఇప్పటికే విట్రిఫైడ్ టైల్స్ ఉన్నాయి, 12 x 14 అడుగుల బెడ్‌రూముకి నిజమైన చెక్క వేయించాలి, ఇప్పుడు ఏది నడుస్తోంది, హెరింగ్‌బోన్ వేయించవచ్చా అని అడిగారు.

బూడిద రంగు ఓక్ మోజు తగ్గిపోయింది. ఇప్పుడు అందరూ అడిగేది గోధుమ, తేనె రంగులకు దగ్గరగా ఉండే సహజ ఓక్, మెరుపు లేని మ్యాట్ ఫినిష్, 190 నుంచి 220 మి.మీ. వెడల్పు పలకలు. చేపముల్లులా పేర్చే హెరింగ్‌బోన్, ముక్కల చివరలు ఏటవాలుగా కోసి V ఆకారంలో కలిపే దాని అన్న షెవ్రాన్ కూడా. మ్యాట్ తీసుకోండి, ఆలోచించక్కర్లేదు. మెరిసే పాలిష్ మీద కిటికీ వెలుతురు పడితే ప్రతి గీతా, ప్రతి కాలి అచ్చూ బయటపడుతుంది. లోతుగా బ్రష్ చేసిన ఓక్ మాత్రం వద్దు. మన దుమ్ము ఆ గాడుల్లో కూరుకుంటే చీపురుకి రాదు.

షాపులో పైరంగు కన్నా ముందు పలక అంచు చూడండి. ఉడెన్ ఫ్లోరింగ్ అని చూపించేవాటిలో చాలా వరకు లామినేట్: చెక్క బొమ్మ అచ్చేసిన కాగితం, దాని కింద ఫైబర్ బోర్డు. పైన కనిపించే గీత అంచు మీదుగా కిందికి దిగితే అది చెక్క, అంచు దగ్గరే తెగిపోతే బొమ్మ. మీకు కావాల్సింది ఇంజినీర్డ్ ఉడ్: మొత్తం మందం 14 లేదా 15 మి.మీ., అందులో పైన 3 నుంచి 4 మి.మీ. ఓక్, కింద ఒకదానికొకటి అడ్డంగా అతికించిన ప్లై పొరలు. పై పొర అర మి.మీ. ఉంటే రేపు గీతలు పడ్డాక సాండింగ్ పెట్టడానికి అక్కడేమీ మిగలదు.

ఇక్కడ మేలో గాలి ఎండిపోతుంది, ఆగస్టులో చెమ్మెక్కుతుంది. చెక్క ఆ లెక్కన నారకు అడ్డంగా కుంచించుకుంటుంది, ఉబ్బుతుంది. పలక ఎంత వెడల్పైతే కదలిక అంత. అందుకే వెడల్పు కావాలంటే ప్లై పొరలున్నదే. అచ్చంగా టేకు పలకలే కావాలంటే 90 మి.మీ. వెడల్పు దాటకండి.

టైల్స్ తీయక్కర్లేదు. ముందు నాణెంతో ప్రతి టైలూ తట్టి, డొల్ల శబ్దం వచ్చినవి తిరిగి అతికించాలి. 2 మీటర్ల పట్టీ పెడితే కింద 3 మి.మీ. మించి సందు ఉండకూడదు. ఉంటే అడుగు వేసినప్పుడల్లా నేల టకటకమంటుంది. తర్వాత పాలిథిన్ షీటు, 2 మి.మీ. ఫోమ్, ఆపై పలకలు. చుట్టూ గోడల దగ్గర 12 మి.మీ. ఖాళీ వదిలి స్కర్టింగుతో కప్పాలి. పనివాళ్లు ఎక్కువగా ఎగ్గొట్టేది ఇదే, వానాకాలంలో గది మధ్యలో నేల లేచేది కూడా దీనివల్లే.

వరసల లెక్క మీరే వేసుకోండి. 12 అడుగులంటే 3658 మి.మీ., రెండువైపులా ఖాళీ 24 పోతే 3634. 190 పలకలు 19 పడతాయి, చివర 24 మి.మీ. పీలిక మిగులుతుంది. అంత సన్నని ముక్క నిలవదు. మొదటి, చివరి వరసలు చెరి 107 మి.మీ.కి కోయించి మధ్యలో 18 నిండు వరసలు వేస్తే సరిపోతుంది. కొనేది 168 చదరపు అడుగులు కాదు, కోతల్లో పోయే 8 శాతం కలిపి 181.

హెరింగ్‌బోన్‌కైతే తరుగు 15 శాతం, అంటే 193. పైగా దాన్ని జిగురుతో అతికించడమే మేలు. అందుకు టైల్ నునుపు గ్రైండ్ చేయాలి, రేపు తీయాలంటే టైల్సూ పగులుతాయి. మొదలు గోడ నుంచి కాదు, గది మధ్యలో సుద్దదారం కొట్టి అక్కడి నుంచి. మొదటి పది ముక్కలు వంకరపోతే గదంతా వంకరే. అయినా సగం మంచం కిందికి పోయే డిజైన్‌కి అంత ఖర్చెందుకు? ఆ సరదా హాల్లో తీర్చుకోండి.

తలుపు సంగతి ముందే చూడండి. నేల 16, 17 మి.మీ. పెరుగుతుంది, తలుపు అడుగున దాదాపు అంత చిత్రిక పట్టాలి. బాత్రూం గుమ్మం దగ్గర సందులో సిలికాన్ నింపించండి.

పనమ్మాయికి కూడా ముందే చెప్పాలి: బకెట్ నీళ్లతో తుడవడం, ఫినాయిల్, యాసిడ్ ఇక్కడ పనికిరావు. గట్టిగా పిండిన గుడ్డ చాలు. మొదటి ఆరు నెలలు తివాచీ పరచకండి. ఎండ తగిలిన చోట ఓక్ రంగు మారుతుంది, తివాచీ తీసిన రోజు దాని ఆకారం నేల మీద అచ్చుగా కనిపిస్తుంది.