ఐర్లాండ్‌లో స్కిబ్బెరీన్ లాంటి చిన్న ఊళ్లో ఉండటం ఎలా ఉంటుంది?

అక్కడ ఓ నర్సింగ్ హోమ్‌లో రెండేళ్లు పనిచేశాను. మనకి నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆసుపత్రి, వాళ్లకి మాత్రం వృద్ధుల్ని చూసుకునే చోటు. ఉద్యోగం వచ్చి వెళ్తున్నవాళ్లకి ముందే చెప్తున్నా, కారు లేకపోతే నానా తిప్పలు. రైలు 1961లోనే ఆగిపోయింది. కరివేపాకు కావాలన్నా 80 కిలోమీటర్ల పైచిలుకు పోయి కార్క్ నగరంలో కొనుక్కోవాలి. ఊరి జనాభా మూడు వేలలోపే.

వాన మనకిలా ధారగా కురవదు. జల్లెడ పట్టినట్టు సన్నటి తుంపర పొద్దున్న మొదలై రాత్రిదాకా పడుతూనే ఉంటుంది. వాళ్లు దాన్ని ‘సాఫ్ట్ డే’ అని ముద్దుగా అంటారు. ఉతికిన బట్టలు ఆరక ఏడ్చేది నేను. కానీ ఆ తుంపర పుణ్యమా అని సందుల పక్కన కంచెల నిండా ఎర్రటి ఫ్యూషియా పూలు జుమికీల్లా వేలాడుతుంటాయి. ఆ సందుల్లో ఎదురొచ్చే ప్రతి కారువాడూ స్టీరింగ్ మీంచి ఒక్క వేలు ఎత్తుతాడు. మొదట్లో నేనేదో తప్పు చేశాననుకుని హడలిపోయాను. అది వాళ్ల నమస్కారమట!

మనుషులు మన గోదావరి వాళ్లలాగే. పేరు తర్వాత, ముందు ‘ఎవరి తాలూకు?’ అని ఆరా తీస్తారు. ఎటు చూసినా ఓడోనవన్‌లు, ఓడ్రిస్కల్‌లు, మెకార్తీలే కాబట్టి అడక్క తప్పదు. 1856లో ఇక్కడ బ్రిటిష్‌వాళ్లకి వ్యతిరేకంగా ఫీనిక్స్ సొసైటీ పెట్టినాయన ఓ ఓడోనవన్, రోసా అంటారు. 2016 రియో ఒలింపిక్స్‌లో పడవ పందెంలో వెండి పతకం తెచ్చిన అన్నదమ్ములూ ఓడోనవన్‌లే. ఇంత ఊరికీ గొప్పలకి తక్కువలేదు. 1898లో ఇక్కడి ‘స్కిబ్బెరీన్ ఈగల్’ పత్రిక, రష్యా జార్ మీద మేమో కన్నేసి ఉంచాం అని రాసిందట. ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

నవ్వకుండా చెప్పేది మాత్రం కరువు గురించే. 1845లో బంగాళాదుంప పంటకి తెగులు తగిలింది. మరుసటేడు దాదాపు అంతా కుళ్లిపోయింది. పేదలకి తిండంటే దుంపే. ధాన్యం, వెన్న పండాయి, కానీ అవి ఓడలెక్కి ఇంగ్లండుకి పోయాయి. ఊరి బయట ఐలెన్ నది ఒడ్డున అబ్బీస్ట్రూరి శ్మశానంలో ఎనిమిది నుంచి పది వేలమందిని గోతుల్లో పూడ్చారంటారు. అందరికీ పెట్టెలెక్కడ? అడుగున తలుపున్న ఒకే పెట్టెలో తెచ్చి, శవాన్ని గోతిలోకి జార్చి, పెట్టెని మళ్లీ తీసుకెళ్లేవారు. చనిపోయాడనుకుని పడేసిన ఓ పసివాడు పార దెబ్బకి కదిలాడట. కాళ్లు విరిగినా బతికి, కుంటుతూనే చాలా ఏళ్లు ఊళ్లో తిరిగాడని చెప్తారు. నేను వెళ్లినప్పుడు అక్కడ కనిపించింది పచ్చటి గడ్డి, కొన్ని రాతిఫలకాలు. పక్కనే రోడ్డు మీద లారీలు పోతున్నాయి.

మా హోమ్‌లో ఓ పెద్దాయన ఉండేవారు. పశువులు కాసిన రైతు. మిగతా నర్సుల్లో చాలామంది మలయాళీలు కావడంతో నన్ను కూడా కేరళ అనే పిలిచేవారు, ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఓ సాయంత్రం వాన తెరిపిచ్చాక చక్రాల కుర్చీని కిటికీ దగ్గరికి తోశాను. ఏటవాలు ఎండలో ఎదురు కొండ మీద దువ్వెనతో గీసినట్టు చారలు కనబడ్డాయి. గొర్రెలు నడిచిన దారులా అని అడిగాను.

“దుంపల బోదెలమ్మా. వేశారు, తవ్వడానికి మనిషి మిగల్లేదు” అన్నారు.

మనం మిర్చికి వేసే బోదెల్లాగే ఉన్నాయి. లెక్కపెడదామని నేను మొదలెట్టేసరికి ఎండ దిగిపోయింది, కొండంతా ఒకే పచ్చగా అయిపోయింది. “రేపు ఇదే వేళకి తీసుకురా, కేరళా” అన్నారాయన.