ఎన్వాయ్ టెస్టులు ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్: స్లీప్ తీసేసి ఏం పెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. సర్వీసు ముందు ఎన్వాయ్ ప్రాక్సీ (వచ్చే రిక్వెస్టులను అందుకుని వెనకున్న సర్వీసుకు పంపే ప్రోగ్రాం) పెట్టారు. డాకర్ కంపోజ్‌తో (ఒకే ఫైలుతో పలు కంటైనర్లను కలిపి లేపే టూల్) రెండింటినీ లేపి ఇంటిగ్రేషన్ టెస్టులు నడుపుతున్నారు. ఒకసారి అన్నీ పాస్, ఇంకోసారి మొదటి రెండు మూడు టెస్టులకు 503, అంటే సర్వీసు అందుబాటులో లేదనే ఎర్రర్. స్లీప్ 5 (టెస్టులకు ముందు 5 సెకన్లు ఊరికే ఆగడం) పెడితే తగ్గింది కానీ పోలేదు. ఇంకా పెంచాలా, లేక ప్రాక్సీని మాక్ చేసేయాలా, అంటే దాని బదులు నకిలీది పెట్టేయాలా అని అడిగారు.

రెండూ వద్దు. ఇదే తిప్పలు మేమూ పడ్డాం కాబట్టి చెప్తున్నా.

నేను ఉండేది హన్మకొండలో. వారానికి రెండు రోజులు కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ ఆఫీసుకు పోతాను, మిగతా రోజులు ఇంటి నుంచే పని. ఒక ఎండాకాలం మా టెస్టులు కరెంటు పోయినప్పుడే ఫెయిలయ్యేవి. టీంలో చెప్తే నవ్వారు. రూటర్ ఇన్వర్టర్ మీద ఉంది కాబట్టి నెట్ పోలేదు. పోయినా ఫరక్ పడదు, ఇమేజ్‌లన్నీ ముందే లాప్‌టాప్‌లోకి దించి పెట్టుకున్నవే. తీరా చూస్తే, కరెంటు పోగానే లాప్‌టాప్ బ్యాటరీ సేవర్‌లోకి వెళ్తోంది, సీపీయూ నెమ్మదిస్తోంది, మామూలుగా 4 సెకన్లలో లేచే మా జావా బ్యాకెండ్‌కు (ప్రాక్సీ వెనకున్న సర్వీసు) 9 సెకన్లు పడుతోంది. మేం పెట్టిన స్లీప్ 5.

మీ 503 వెనక ఏం జరుగుతుందో చూడండి. ఎన్వాయ్ తన స్థితి చెప్పే అడ్మిన్ పోర్టులో (చాలా ఉదాహరణల్లో 9901) రెడీ అనే ఎండ్‌పాయింట్ ఉంటుంది. అది లైవ్ అని చెప్తే ప్రాక్సీ లేచిందని అర్థం, అంతే. దాని వెనక ఉన్న సర్వీసు లేచిందని కాదు. క్లస్టర్ (ఎన్వాయ్ కాన్ఫిగ్‌లో వెనకున్న సర్వీసు చిరునామాల గుంపు) టైపు స్ట్రిక్ట్ డీఎన్ఎస్ అయితే, అంటే సర్వీసు పేరును బట్టి చిరునామా వెతికేదైతే, ఎన్వాయ్ మొదటిసారి పేరు వెతికినప్పుడు బ్యాకెండ్ కంటైనర్ ఇంకా లేకపోతే చిరునామా దొరకదు. అయినా లైవ్ అనే అంటుంది. మళ్లీ వెతికేది డిఫాల్ట్‌గా 5 సెకన్ల తర్వాత. ఈ లోపు వచ్చిన ప్రతి రిక్వెస్టుకూ 503, బాడీలో ‘నో హెల్దీ అప్‌స్ట్రీమ్’ అని. యాక్సెస్ లాగ్‌లో (ప్రతి రిక్వెస్టుకూ ఎన్వాయ్ రాసే వరస) రెస్పాన్స్ ఫ్లాగ్, అంటే ఫెయిలవడానికి కారణం చెప్పే అక్షరాలు వేయిస్తే యూహెచ్ అని కనబడుతుంది. చిరునామా దొరికింది కానీ లోపల యాప్ ఇంకా పోర్టు తెరవలేదు అనుకోండి, అప్పుడూ 503నే, కానీ ఫ్లాగ్ యూఎఫ్. ఈ రెండు అక్షరాలు చూడకుండా స్లీప్ పెంచుకుంటూ పోవడం అంటే జ్వరం చూడకుండా గోలీ వేసుకోవడమే.

అందుకని వరస ఇలా పెట్టండి: ముందు బ్యాకెండ్ లేవాలి, దాని హెల్త్ చెక్ (నిజంగా పని చేస్తోందా అని అడిగే పరీక్ష) పాసవ్వాలి, ఆ తర్వాతే ఎన్వాయ్. కంపోజ్‌లో ఉత్త డిపెండ్స్ ఆన్ రాస్తే కంటైనర్ మొదలయ్యే వరకే ఆగుతుంది, లోపలి యాప్ సంగతి దానికి పట్టదు. సర్వీస్ హెల్దీ అనే కండిషన్ కూడా రాయాలి. టెస్ట్‌కంటైనర్స్ (టెస్టు కోడ్ నుంచే కంటైనర్లు లేపే లైబ్రరీ) వాడితే వెయిట్ స్ట్రాటజీ ఇదే పని చేస్తుంది. ఎన్వాయ్ లేచాక కూడా, ఆ క్లస్టర్ స్టాట్స్‌లో మెంబర్‌షిప్ హెల్దీ అనే గేజ్ (అందుబాటులో ఉన్న చిరునామాల సంఖ్య) 1 అయ్యేదాకా 100 మిల్లీసెకన్లకోసారి అడుగుతూ ఉండండి, గరిష్ఠంగా 30 సెకన్లు. ప్రాక్సీనే అడిగితే అదే చెప్తుంది, మనం లెక్కలు వేయక్కర్లేదు.

దీనికి అడ్మిన్ అడ్రస్ కంటైనర్ బయటికి కనబడాలి. కాన్ఫిగ్‌లో 127.0.0.1 (ఆ కంటైనర్ లోపలికే పరిమితమైన అడ్రస్) ఉంటే మీ టెస్టుకు అందదు, టెస్టు కాన్ఫిగ్‌లో మాత్రం 0.0.0.0 పెట్టండి. ప్రొడక్షన్‌లో అలా వదిలేయకండి, ఆ పోర్టు నుంచి ఎన్వాయ్‌ని ఆపేయొచ్చు కూడా. ఇంకోటి, ఎన్వాయ్ ఇమేజ్ రూట్ యూజర్‌గా నడవదు. కాన్ఫిగ్ ఫైలు పర్మిషన్ 600తో (యజమాని తప్ప ఇంకెవరూ చదవలేరు) మౌంట్ చేసి, కంటైనర్ ఎందుకు లేవట్లేదని నేను ఒక పూట పోగొట్టుకున్నా. డిస్ట్రోలెస్ ఇమేజ్‌లో (ప్రోగ్రాంకు కావాల్సినవి తప్ప ఇంకేమీ లేని చిన్న ఇమేజ్) షెల్ ఉండదు కాబట్టి కర్ల్‌తో హెల్త్ చెక్ రాసినా నడవదు, బయటి నుంచే అడగాలి.

మా దగ్గర ఇంకో స్లీప్ ఉండేది, స్లీప్ 12. యాక్సెస్ లాగ్‌లో ట్రేస్ ఐడీ (ఒక రిక్వెస్టును గుర్తుపట్టే నంబరు) పడిందా లేదా అని చూసే టెస్టు అది. 5 పెడితే కొన్నిసార్లు పాస్, 12 పెడితే ఎప్పుడూ పాస్. ఎందుకు పన్నెండో రాసినాయనకే తెలియదు. తర్వాత డాక్యుమెంటేషన్ చదివితే దొరికింది: ఎన్వాయ్ లాగ్‌ను వెంటనే రాయదు, 64 కేబీ బఫర్ నిండినప్పుడో, లేదా డిఫాల్ట్‌గా 10 సెకన్లకోసారో రాస్తుంది. టెస్టులో ఎన్వాయ్‌ని లేపేటప్పుడే ఫైల్ ఫ్లష్ ఇంటర్వెల్ ఆప్షన్‌తో దాన్ని 100 మిల్లీసెకన్లకు తగ్గించాం. ఆ ఒక్క మార్పుతో మొత్తం టెస్టుల టైము సగానికి పడిపోయింది.

మాక్ ఎందుకు వద్దంటే, మీరు పరీక్షించేది మీ కోడ్‌ని కాదు, మీ కాన్ఫిగ్‌ని. ప్రాక్సీని మాక్ చేస్తే కాన్ఫిగ్‌ని చదివేవాడే ఉండడు. మాక్ చేయాల్సింది వెనకున్న సర్వీసును. మా రీట్రై (ఫెయిలైన రిక్వెస్టును ఎన్వాయ్ మళ్లీ పంపడం) టెస్టులో చిన్న నకిలీ సర్వీసు ఉంది: మొదటి రెండుసార్లు 503, మూడోసారి 200 (అంతా బాగుందనే జవాబు) ఇస్తుంది. కాన్ఫిగ్‌లో రీట్రైలు 2. సంఖ్య రాయకపోతే ఎన్వాయ్ ఒక్కసారే రీట్రై చేస్తుంది, అది గుర్తుంచుకోండి. ఇక్కడా దెబ్బ తిన్నాం. రూట్లు సర్దుతూ ఎవరో రీట్రై పాలసీని తీసేశారు, టెస్టు మాత్రం పచ్చగానే ఉంది. నకిలీ సర్వీసు కంటైనర్‌ని అన్ని టెస్టులకూ కలిపి ఒకటే వాడుతున్నాం, ముందు నడిచిన టెస్టే ఆ రెండు 503లనూ తినేసింది. మాకు మిగిలింది 200 మాత్రమే. ఇప్పుడు ప్రతి టెస్టుకు ముందు లెక్కను సున్నా చేస్తాం. 200 వచ్చిందని ఊరుకోకుండా, రిక్వెస్టుకు ముందూ వెనకా రీట్రై కౌంటర్ చదివి తేడా సరిగ్గా 2 ఉందో లేదో చూస్తాం.

మీది సైడ్‌కార్ పద్ధతి (ప్రతి యాప్ పక్కనే దాని ప్రాక్సీ నడపడం) అయితే యాప్, ప్రాక్సీ కంటైనర్లు రెండూ ఒకే నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లో ఉండాలి. కంపోజ్‌లో ప్రాక్సీ నెట్‌వర్క్ మోడ్‌కు service: అని రాసి యాప్ సర్వీసు పేరు ఇస్తే చాలు, కుబర్నెటిస్ పాడ్‌లో (కలిసి నడిచే కంటైనర్ల గుంపు) లాగే 127.0.0.1 ఇద్దరికీ ఒకటే అవుతుంది. అలా లేకుండా విడి కంటైనర్లలో పాసయిన టెస్టు, పాడ్‌లోకి వెళ్లాక ఏమవుతుందో నమ్మకం లేదు.

ఇస్టియో (ఎన్వాయ్‌ని వాడుకుని సర్వీసుల మధ్య ట్రాఫిక్ నడిపే వ్యవస్థ) మొత్తం, అంటే ఎంటీఎల్ఎస్ (రెండు వైపులా గుర్తింపు సరిచూసే ఎన్‌క్రిప్షన్), ఐపీటేబుల్స్‌తో ట్రాఫిక్ మళ్లించడం వంటివి పరీక్షించాలంటే నిజమైన కుబర్నెటిస్ క్లస్టర్ కావాలి. మేం కైండ్‌తో (డాకర్ కంటైనర్లలో కుబర్నెటిస్ నడిపే టూల్) లేపుతాం, అది కూడా రాత్రిపూట సీఐలో (టెస్టులు వాటంతట అవే నడిచే సర్వర్) మాత్రమే, మొత్తం ఆరు టెస్టులు. నా 8 జీబీ లాప్‌టాప్‌లో ఒకసారి లేపి చూశా. రైలు జనగామ దాటేసరికి బ్యాటరీ ఖాళీ.