డిబ్రూగఢ్ వెళ్తే వాచీలో టైమ్ మార్చుకోవాలా?

హైదరాబాద్ నుంచి అస్సాంలోని డిబ్రూగఢ్‌కి బదిలీ అయింది, అక్కడ టైమ్ వేరా, నాలుగింటికే తెల్లారుతుందట నిజమేనా అని అడిగారు కదా. టైమ్ వేరు కాదు, వాచీ ముట్టుకోనక్కర్లేదు. తెల్లారడం మాత్రం నిజమే. బ్యాంకు ఉద్యోగంలో కొన్నేళ్లు అక్కడే ఉన్నాను కాబట్టి చెబుతున్నా.

జూన్‌లో సూర్యోదయం సుమారు 4:20కి అవుతుంది, అదే రోజు హైదరాబాద్‌లో 5:40 దాటాలి. కిటికీలకు మందపాటి కర్టెన్లు వేయించేదాకా నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. డిసెంబర్‌లో దీనికి రివర్స్, నాలుగున్నరకల్లా పొద్దు గుంకిపోతుంది, క్యాష్ టాలీ చేసుకుని బయటికొచ్చేసరికి కటిక చీకటి.

దేశం మొత్తానికీ టైమ్ లెక్క 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, అది మన కాకినాడ దగ్గర్లోంచే పోతుంది. తూర్పుకి వెళ్లేకొద్దీ ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు ముందే తెల్లారుతుంది. హైదరాబాద్ 78.5 దగ్గర, డిబ్రూగఢ్ 95 దగ్గర ఉన్నాయి, అంటే గంటా ఆరు నిమిషాల తేడా అక్కడే వచ్చేసింది. పైగా అది బాగా ఉత్తరాన ఉంది కాబట్టి వేసవిలో పగలు ఇంకాస్త పొడుగు. ఈ ఒకే టైమ్ 1906 జనవరి 1న వచ్చింది, అయినా కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ సొంత టైమ్ వదల్లేదు.

అసలు తమాషా టీ తోటల్లో ఉంటుంది. బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ అక్కడ 'బాగాన్ టైమ్' అని గడియారం గంట ముందు నడుపుతారు, వెలుగు ఉండగానే ఆకు కోత అయిపోవాలని. మా బ్రాంచికి వచ్చే తోట గుమస్తా ఒకాయన వాచీ ఎప్పుడూ గంట ముందే ఉండేది, మా గోడ గడియారం పది చూపిస్తుంటే ఆయన "పదకొండైంది, త్వరగా కానివ్వండి" అనేవాడు!

ఈశాన్యానికి వేరే టైమ్ జోన్ కావాలని చాలాకాలంగా అడుగుతున్నారు. 2018లో జాతీయ భౌతిక ప్రయోగశాల వాళ్లు 89 డిగ్రీల 52 నిమిషాల తూర్పు రేఖాంశం దగ్గర గీత గీసి రెండు టైమ్‌లు పెట్టొచ్చన్నారు. నాకైతే ఆఫీసులు, బడులు గంట ముందు తెరిస్తే సరిపోతుందనిపిస్తుంది, మధ్యలో టైమ్ మారితే రైళ్లతో టెన్షన్.

ఇంకోటి, మీకు పట్టింపు ఉంటే క్యాలెండర్‌లోని రాహుకాలం అక్కడ పనికిరాదు. సోమవారం 7:30 నుంచి 9 అనేది ఆరింటికి సూర్యోదయం అనుకుని వేసిన లెక్క, జూన్‌లో డిబ్రూగఢ్‌లో అది సుమారు ఆరింటికే మొదలై ఏడుముప్పావుకి అయిపోతుంది. తోటలో ఎవరైనా భోజనానికి పిలిస్తే మాత్రం, బాగాన్ టైమా మామూలు టైమా అని ముందే అడిగేయండి.